లింగమూర్తి కోసం నలభై నిమిషాల వ్యాసం

చీరాలలో మిక్సీలు బాగుచేసే లింగమూర్తి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కూర్చుని, సొరకాయ రసం గుణాల గురించి వచ్చిన మెసేజ్‌ని చుట్టాల గ్రూపులోకి ఫార్వర్డ్ చేస్తూ చేస్తూ, తనే ఆ మెసేజ్‌గా మారి వెళ్ళిపోయాడు. జిల్లాలో అప్పటికే ఇలాంటివి చాలా జరిగి ఉన్నాయి కాబట్టి వీధిలో ఎవరూ గాభరా పడలేదు. ఆయన భార్య హైమవతి టీ పట్టుకుని వచ్చేసరికి కుర్చీలో లుంగీ, బనీను, కళ్ళజోడు ఉన్నాయి. ఫోను నేలమీద పడి ఉంది. ఇంకా వెచ్చగానే ఉంది.

ఆవిడ గ్లాసు కిటికీలో పెట్టి, ఫోను తీసి గ్రూపు తెరిచింది. ఆయన అందులో ఉన్నాడు. పైన సొరకాయ బొమ్మ, కింద పరగడుపున ఎంత తాగాలి, ఎవరు తాగకూడదు అన్న వివరాలు. చివర మాత్రం అచ్చంగా ఆయన మాటే: "అసలు సంగతేంటంటే, చేదుగా ఉంటే పారబోయండి, మొహమాటపడకండి. హైమా, ఆ ఫ్యాను కొంచెం పెంచు." హైమవతి లేచి ఫ్యాను పెంచింది. కుర్చీ మీద లుంగీ అంచు కాస్త కదిలింది.

లింగమూర్తి మాటకారి. రిపేరుకొచ్చిన ప్రతి మిక్సీ గురించీ అన్నం దగ్గర కూర్చుని, రోగుల్ని చూసొచ్చిన డాక్టరులా చెప్పేవాడు. ఫలానా వాళ్ళు కొబ్బరి పీచుతో సహా వేసేశారనీ, ఫలానా కోడలు అత్తగారి మీద కోపమొస్తే ఖాళీ జారునే తిప్పుతోందనీ. విని విని హైమవతికి ఊళ్ళో ఎవరింట్లో ఏ పచ్చడో, ఏ గొడవో నోటికొచ్చేసింది. ఇప్పుడు అన్నం దగ్గర చప్పుడు లేదు. షాపులో మాత్రం మిక్సీలు, చీటీలు కట్టించుకుని, ఆయన కోసం చూస్తూ వరసగా కూర్చున్నాయి.

"ఎక్కడున్నాడో తెలుస్తోంది, అదే పదివేలు అనుకో వదినా," అంది పక్కింటి రత్నమాల.

అయితే ఆయన ఒకచోట ఉండటం లేదు. చుట్టాలు ఆయన్ని మెచ్చుకుని ఇంకో గ్రూపులో వేశారు. అక్కడివాళ్ళు మరో గ్రూపులో వేశారు. కొన్నాళ్ళకి ముక్కూ మొహం తెలియని వాళ్ళ దగ్గర్నుంచి తిరిగి హైమవతి ఫోనుకే వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఎంతో కొంత తగ్గి వచ్చేవాడు. మొదట ఫ్యాను మాట పోయింది. ఆ తరవాత "హైమా" ఉన్నచోట "మిత్రులారా" వచ్చింది. ఇంకోసారి ఎవరో తెల్లకోటు డాక్టరు ఫోటో తగిలించుకొచ్చాడు, ఆ సలహా ఆ డాక్టరుదేనని కింద రాసుంది. "అసలు సంగతేంటంటే" అన్న ఒక్క ముక్క చూసి ఆవిడ ఆయన్ని గుర్తుపట్టేది. ఒకరోజు అది కూడా లేకుండా వచ్చాడు. ఆ రోజు హైమవతి చీర మార్చుకుని జిల్లా కేంద్రానికి బస్సెక్కింది.

రూపాంతరిత వ్యక్తుల పునరుద్ధరణ విభాగం అక్కడొక పాత భవనం మేడమీద ఉంది. సూపరింటెండెంటు సన్యాసిరావు మర్యాదస్థుడు. కుర్చీ చూపించి అడిగాడు.

"మెసేజా అమ్మా, ఫోటోనా, వీడియోనా?"

"మెసేజండీ."

"ఇంటివాళ్ళ గ్రూపులోనే ఉన్నారా, బయటికి పోయారా?"

"బయటికి పోయారండీ. డాక్టరు ఫోటోతో తిరుగుతున్నారు."

"అయితే ఆయన సమాజానికి చెందిపోయినట్టే. వ్యాసం రాయాల్సి ఉంటుంది," అన్నాడు సన్యాసిరావు.

సమాజం దగ్గరున్న మనిషిని వెనక్కి అడగాలంటే సమాజం ఎందుకు ఇవ్వాలో వాదించాలి గదా అని ఆయన నెమ్మదిగా వివరించాడు. విషయం ఎవరికైనా ఒకటే: సమాజంపై సామాజిక మాధ్యమాల ప్రభావం. సమయం నలభై నిమిషాలు. మొదటే వైఖరి చెప్పాలి. ఎదుటివాళ్ళ వాదాన్ని ఒక పేరాలో గౌరవంగా ఎత్తిచూపి, అదే పేరాలో ఖండించాలి. ముగింపు ఉండి తీరాలి. ముగింపు లేని వ్యాసాల తాలూకు మనుషులు ఇంకా దారిలోనే ఉన్నారు.

"మా ఆయన సంగతి రాస్తే చాలదాండీ?"

"సొంత గొడవలు రాస్తే కొట్టేస్తారమ్మా. 'ఆయన' అనకూడదు. 'వ్యక్తి' అనాలి. ఒక్క వ్యక్తి కూడా కాదు, 'వ్యక్తులు' అంటే ఇంకా మంచిది."

ఆఫీసుకి ఎదురుగా జిరాక్సు షాపు మీద ఏసుపాదం మాస్టారు ఈ వ్యాసానికి శిక్షణ ఇస్తున్నారు. బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. హైమవతి అందులో చేరింది. బెంచీల మీద కూర్చున్నది అంతా పెద్దవాళ్ళే. పక్క బెంచీలో బసవపున్నయ్య అనే ఒకాయన ఎప్పుడూ ఫోను చూస్తూ ఉండేవాడు. ఆయన భార్య సరోజిని గోంగూర పచ్చడి చేసే వీడియోగా మారిపోయింది. ఆకు తుంచి, వేయించి, నూరి, చివర్లో తలెత్తి "చూశారుగా, ఎంత సులువో" అంటుంది. అన్న మరుక్షణం మళ్ళీ ఆకు తుంచడం మొదలుపెడుతుంది.

"ఆ రోజు దాని వేలికి చిన్న గాటుందమ్మా," అని హైమవతికి ఫోను చూపించాడు బసవపున్నయ్య. "ఇదిగో, ఉప్పు వేసినప్పుడల్లా మొహం చిట్లిస్తుంది చూడు. అంతమంది చూశారు. ఉప్పు ఎక్కువైందన్నవాళ్ళే గానీ, వేలికేమైందని ఒక్కళ్ళూ అడగలేదు."

మాస్టారు బల్ల మీద కొట్టి పాఠం మొదలుపెట్టారు. "మొదటి వాక్యంలో కాలం మారింది అనండి. కాలం మారిందంటే కాదనేవాడుండడు. ఆ తరవాత, ప్రపంచం అరచేతిలోకి వచ్చింది అని రాయండి."

"అలా వచ్చిన ప్రపంచంలోకే మా ఆవిడ పోయిందండీ," అన్నాడు బసవపున్నయ్య.

"అది ఖండన పేరాలో రాయండి. 'వ్యక్తులు' అని మార్చడం మర్చిపోకండి."

ఆ బ్యాచిలో ముందుగా రాసింది ఒక తల్లి. ఆవిడ కొడుకు ఒక సినిమా హీరో ఫోటో కింద "అన్నా, ఒక్కసారి రిప్లై ఇవ్వన్నా" అనే కామెంటుగా ఉండిపోయాడు. ప్రభుత్వాన్ని మెప్పిస్తే మంచిదనుకుని, సామాజిక మాధ్యమాలు సమాజానికి ఎంతో మేలు చేస్తున్నాయని రాసింది ఆవిడ. దూరాలు దగ్గరయ్యాయంది, గొంతు లేనివాళ్ళకి గొంతు వచ్చిందంది. వాదన ఆమోదించారు. ఇంత మేలు జరుగుతున్న చోటి నుంచి ఒక యువకుణ్ణి వెనక్కి రప్పించడం సమాజహితం కాదు గనుక అతణ్ణి అక్కడే కొనసాగిస్తున్నామని చెప్పి, ఆవిడకి శాలువా కప్పారు. ఆవిడ ఆ శాలువాతోనే బస్సెక్కింది.

అది చూసి బసవపున్నయ్య రెండోవైపు తిరిగాడు. యూనియన్‌లో పనిచేసిన మనిషి, వాదించడం తెలుసు. సామాజిక మాధ్యమాలు సమాజాన్ని తినేస్తున్నాయనీ, వాటిలో ఉన్నదంతా విషమేననీ, ఆ విషాన్ని వేళ్ళతో సహా పెరికెయ్యాలనీ రాశాడు. అంత బలమైన వ్యాసం ఈమధ్య రాలేదని ఆఫీసువాళ్ళు దాన్ని గోడకి అంటించారు. వాదన పూర్తిగా ఆమోదించారు. ఆమోదించాక అమలు చెయ్యాలి కాబట్టి, అందుబాటులో ఉన్నదాంతో మొదలుపెట్టారు.

హైమవతి ఆయన్ని బస్టాండులో చూసింది. ఫోను అలాగే చేతిలో పట్టుకుని ఉన్నాడు. తెర మీద 'ఈ వీడియో ఇప్పుడు అందుబాటులో లేదు' అని ఉంది.

"గెలిచానమ్మా. నా మాట ఒప్పుకున్నారు," అన్నాడాయన.

హైమవతి వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. బస్సు వచ్చి వెళ్ళిపోయినా ఇద్దరూ లేవలేదు.

ఆవిడ పరీక్ష శుక్రవారం పడింది. హాల్లో గోడ గడియారం, సున్నం వాసన, బల్లకి ఒకరు చొప్పున మనుషులు. పర్యవేక్షకురాలు ఫోన్లు గంపలో వేయించుకుంది. గంప లోపల ఎవరెవరి మనుషులో గుయ్యిగుయ్యిమంటూ ఉన్నారు. గంట కొట్టారు. హైమవతి 'కాలం మారింది' అని రాసింది. పెన్ను అక్కడే ఆగిపోయింది.

మంచిదని రాస్తే ఆయన్ని అక్కడే ఉంచేస్తారు. చెడ్డదని రాస్తే తుడిచేస్తారు. భయం సంగతి అటుంచి, అసలు నిజమేమిటో తేల్చుకుందామని ఆవిడ నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టింది. చెల్లెలికి పురిటి సమయంలో రక్తం కావాలంటే, గ్రూపులో చూసి పరిగెత్తుకొచ్చినవాడెవడో ఈనాటికీ తెలియదు. అదే గ్రూపులో, వెనక వీధి టైలరమ్మాయి ఫోటో పెట్టి నానా మాటలూ అంటే, చదివి ఊరుకున్నవాళ్ళలో తామందరూ ఉన్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎవరి కొలతలూ తీసుకోవడం లేదు. రక్తమిచ్చినవాడూ, మాటలన్నవాడూ ఒకడే అయినా అయ్యుండొచ్చు. రెండూ ఒకే బొటనవేలితో చేసే పనులే.

హైమవతి పెన్ను కదిపింది. ఎదురుగా ఉన్న మనిషిని పలకరించడం ఒక పని అని రాసింది. అవతలివాళ్ళ మొహం చూడాలి, వాళ్ళు చెప్పేదాకా ఆగాలి, నచ్చకపోయినా కూర్చోవాలి. ఆ కష్టం లేకుండా పలకరించిన తృప్తి మాత్రం దొరికే చోటు ఒకటి తెరుచుకుంటే, మనుషులు అందులోకి పోవడం వింత కాదు. ఎవరూ వాళ్ళని లాగలేదు. అలిసిపోయి వెళ్ళారు. దేనివల్ల అంత అలిసిపోయారో సమాజం చెప్పాలి, ఫోను కాదు. ఇక్కడిదాకా రాసేసరికి ఆవిడకి తెలియకుండానే 'వ్యక్తులు' పోయి 'ఆయన' వచ్చేశాడు. ఆయన అన్నం దగ్గర మాట్లాడుతుంటే ఇల్లు నిండినట్టుండేది అని రాసింది.

పర్యవేక్షకురాలు వెనక నుంచి వంగి చూసింది. ముప్ఫయ్యేళ్ళ పిల్ల. కసురుకోలేదు.

"అది కొట్టేయండమ్మా," అంది మెల్లగా. "అది వైఖరి కాదు, ఆలోచన. ఆలోచించడానికి టైము ఇవ్వలేదు మీకు. ఏదో ఒక వైఖరి రాసేయండి, అయిపోవస్తోంది."

"రెండూ నిజమేనమ్మా, ఏం రాయను?"

"ఏమో అమ్మా. నేను మాత్రం చూడ్డానికే ఉన్నాను."

హైమవతి గడియారం వైపు చూసింది. ముగింపు లేకపోతే ఆయన దారిలో ఉండిపోతాడు. రాసిన పేరాని నిలువునా కొట్టేసింది. ఏసుపాదం మాస్టారు ఏ గతీ లేనప్పుడు వాడుకోమన్న వాక్యం గుర్తుతెచ్చుకుని గబగబా రాసింది: 'కావున సామాజిక మాధ్యమాల వల్ల లాభాలూ ఉన్నవి, నష్టాలూ ఉన్నవి. వాడే విధానాన్ని బట్టి ఫలితం ఉండును.' గంట కొట్టారు.

ఫలితం చెప్పేటప్పుడు సన్యాసిరావు సంతోషంగానే ఉన్నాడు. "చక్కగా తూచినట్టు రాశారమ్మా. సగం అనుకూలం, సగం వ్యతిరేకం. అంచేత మనిషిని సగం ఇస్తున్నాం."

"సగమంటే?"

"నిలువుగా కాదులెండి, భయపడకండి. మనిషిని మీకిస్తాం. మాట సమాజంలోనే ఉంటుంది."

హైమవతి "మాట ఇచ్చి మనిషిని ఉంచుకోకూడదాండీ?" అని అడిగింది.

సన్యాసిరావు మొదటిసారి ఆవిడ వైపు సరిగ్గా చూశాడు. "అడిగేవాళ్ళు తక్కువమ్మా ఇది," అన్నాడు. "కానీ మాట బాగా కలిసిపోయింది. పాలలో నీళ్ళు విడదీసినట్టు చెయ్యలేం గదా."

పక్కగది తలుపు తీశారు. లింగమూర్తి బయటికి వచ్చాడు. మనిషి అదే మనిషి, చెవి దగ్గర పుట్టుమచ్చతో సహా. మెడ మాత్రం కిందికి వంగి ఉంది, కుడిచేతి బొటనవేలు గాలిలో పైకీ కిందికీ కదులుతోంది. హైమవతి ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుంది. వేలు లోపల అలాగే కదులుతూ ఉంది. బయటికొచ్చాక ఫోను ఇస్తే చెయ్యి కుదుటపడింది.

బస్సులో "ఆకలేస్తోందాండీ?" అని అడిగింది. "ఊఁ" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఎలా ఉన్నారు?" అంటే దానికీ "ఊఁ" అన్నాడు. అదే సమయంలో ఆవిడ సంచీలో ఫోను గుయ్యిమంది. సూర్యోదయం బొమ్మ, దాని కింద: 'ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుంటే మనసుకు హాయి. పదిమందికీ పంపండి.' హైమవతి లేచి ఆయన్ని కిటికీ పక్కకి జరిపింది.

ఇంట్లో ఇబ్బందేమీ లేదు. పెట్టింది తింటాడు. పొద్దున్నే షాపుకి వెళ్ళి మిక్సీలు శుభ్రంగా బాగుచేసి వస్తాడు. వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. హైమవతి మొదట్లో ఎదురుగా కూర్చుని అన్నీ చెప్పేది. వెనక వీధి టైలరమ్మాయి దగ్గరికి వెళ్ళి జాకెట్టు కుట్టమని అడిగానని కూడా చెప్పింది. ఆ అమ్మాయి చాలాసేపు తలుపు దగ్గరే నిలబడి, ఆఖరికి టేపు తీసిందంది. లింగమూర్తి "ఊఁ" అన్నాడు. కాసేపటికి ఫోనుకి 'ఆడపిల్లని గౌరవించే ఇల్లే దేవాలయం' అని వచ్చింది, గులాబీలతో. ఆయన ఏదో అనబోయాడనీ, అది ఇలా బయటికొచ్చిందనీ హైమవతికి అర్థమైంది. అర్థమయ్యాక వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చింది.

రత్నమాల చూడటానికి వచ్చింది. గుమ్మంలో నిలబడి లింగమూర్తిని పైనుంచి కిందిదాకా చూసింది.

"సగమే ఇచ్చారన్నావు? పూర్తిగానే ఉన్నాడుగా వదినా."

"మాట లేదు రత్నమాలా. తలెత్తడు. పక్కన మనిషున్నట్టే ఉండదు."

"మా ఆయనా ఇంతేగా," అంది రత్నమాల, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఆయన ఎక్కడికి పోయాడని? దేనిగానూ మారలేదు కూడాను."

హైమవతికి ఆ మాట నచ్చలేదు. మిగతా సగం కోసం అప్పీలు చేసుకుంది. సన్యాసిరావు దాన్ని తోసిపుచ్చలేదు. ఎంత మనిషి తక్కువైందో తేల్చాలంటే పూర్తి మనిషి ఎలా ఉంటాడో పక్కన పెట్టి చూడాలి కాబట్టి, నమూనాకి ఒకర్ని తీసుకురమ్మన్నాడు.

"మీ దగ్గర ఉండరాండీ?"

"మా అటెండరు ఉండేవాడమ్మా. మొన్న పండక్కి వాళ్ళబ్బాయి ఫోను కొనిచ్చాడు."

హైమవతి పూర్తి మనిషిని వెతకడం మొదలుపెట్టింది. బ్యాంకులో చూసింది, టిఫిను హోటల్లో చూసింది. సముద్రం ఒడ్డుకి వెళ్తే, అందరూ సముద్రానికి వీపు పెట్టి ఫోను వైపు నవ్వుతున్నారు. ఒక పెళ్ళికి వెళ్తే తాళి కట్టేటప్పుడు చేతులన్నీ పైకి లేచి ఉన్నాయి, అక్షింతలు వేసే చెయ్యి లేదు. చంటిపిల్లలు పూర్తిగానే కనబడేవాళ్ళు గానీ, వాళ్ళు అన్నం తినేవేళకి తల్లులు ముందొక తెర పెట్టేవాళ్ళు. ఆఖరికి, ఇంతమందిని ఇంత శ్రద్ధగా చూస్తున్నాను గదా, నేనే పూర్తి మనిషినేమో అనుకుంది. అది తోచగానే ఆవిడకి ధైర్యం వచ్చింది. తననే నమూనాగా తీసుకుని ఆఫీసుకి వెళ్ళింది.

సన్యాసిరావు కూర్చోబెట్టి అడిగాడు. "బస్సులో వచ్చారా అమ్మా?"

"అవునండీ."

"మీ పక్కన ఎవరు కూర్చున్నారు?"

హైమవతి నోరు తెరిచింది. ఎవరో కూర్చున్నారు. ఒళ్ళో ఏదో సంచీ ఉంది. పిల్లో, ముసలావిడో. చీరాల నుంచి ఇక్కడిదాకా ఆవిడ లింగమూర్తి దగ్గర్నుంచి వచ్చిన మెసేజ్‌లన్నీ మొదట్నుంచి చదువుకుంటూ వచ్చింది, ఎక్కడన్నా తన పేరు ఉందేమోనని.

"ఆయన కోసమే చూస్తున్నానండీ," అంది.

"అందరూ ఎవరో ఒకరి కోసమే చూస్తారమ్మా," అన్నాడు సన్యాసిరావు. ఆయన గొంతులో వెటకారం లేదు. "బాధపడకండి. ఆయన సగం, మీరూ సగం. ఇంక తక్కువైందని చెప్పడానికి లేదు, ఈడూ జోడూ కుదిరింది. అప్పీలు పరిష్కారమైనట్టు రాసుకుంటాను."

ఆవిడ ఇంటికొచ్చేసరికి లింగమూర్తి కుర్చీలో ఉన్నాడు. ఆ రోజు నుంచి హైమవతి ఎదురుగా కూర్చోవడం మానేసి, పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది. కూర వండి, ఫోటో తీసి ఆయనకి పంపించేది. ఆయన రెండు చేతులు జోడించిన బొమ్మ పంపి, లేచి వచ్చి తినేవాడు. ఒకసారి ఆవిడ పుట్టినరోజుకి కేకు బొమ్మ కూడా పంపాడు. పంపినప్పుడు మోచెయ్యి మోచేతికి తగిలింది. దారినపోయే వాళ్ళకి కిటికీలోంచి ఆ ఇద్దరూ కనబడేవాళ్ళు. చక్కగా కుదురుకున్నారని వీధిలో చెప్పుకున్నారు.

తరవాత ఇళ్ళు లెక్కరాసే ఆయన చేతిలో తెర పట్టుకుని ఆ వీధికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, తల ఎత్తకుండా, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాడు. హైమవతి వెనక్కి తిరిగి కుర్చీ వైపు చూసింది, తన చేతిలో ఫోను వైపు చూసుకుంది. అబద్ధం చెప్పడం ఇష్టం లేకపోయింది.

"ఇద్దరం కలిస్తే ఒక్కరమండీ," అంది.

"అందరూ ఇలాగే చెబుతున్నారమ్మా," అన్నాడాయన, వేలితో తెర మీద జరుపుకుంటూ. "మేం మాత్రం ఇద్దరనే వేస్తున్నాం."

హైమవతి సరే, అలాగే వేసుకోమంది.